సర్దార్ బీ నొక్కిన స్విచ్

ఇర్ఫానాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: శనివారం పదకొండింటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో తను నోరు తెరిచే వేళకి లాప్‌టాప్ ఆరిపోతుందని. తొమ్మిదో తరగతితో చదువాగిన మనిషికి ఇంట్లో కూర్చుని టైపింగ్ చేసుకునే ఉద్యోగం మళ్లీ మళ్లీ దొరకదు. ఏడాదిన్నర కూతురు సనోబర్‌ని వదిలి బయట పనికెళ్లడం ఆమె వల్ల కాదు. పిల్ల తుమ్మితేనే ఆసుపత్రి గుర్తొచ్చే తల్లి. పైగా వాళ్ల వీధి కరెంటుకి సరిగ్గా పదకొండింటికే విశ్రాంతి కావాలి.

లాప్‌టాప్‌కి వేయించిన కొత్త బ్యాటరీ మాత్రం మహా నిజాయితీ గలది. నూరు శాతం అంటుంది, పది నిమిషాలకే డెబ్భై అంటుంది, నలభై రెండు దగ్గర చెప్పాపెట్టకుండా కన్ను మూస్తుంది.

గురువారం ఉదయం దాన్ని వేసిచ్చిన మెకానిక్ వీరేంద్ర దగ్గరికి లాప్‌టాప్ మోసుకెళ్లింది.

"బ్యాటరీ మంచిదేనమ్మా. నీ లాప్‌టాప్ ఇంకా పాతదాని లెక్కే సెప్తంది. ఫుల్లు ఎక్కించు, ఆరిపోయేదాకా వాడు, మళ్లీ ఆపకుండా ఫుల్లు ఎక్కించు. మద్దెలో ఆపితే లెక్క కుదరదు."

"రెండుసార్లు సేసాను కదన్నా!"

"అయితే నాను సెప్పింది సగమే ఇన్నావన్నమాట."

ఇంటికొచ్చి మూడోసారి చార్జింగ్ పెట్టింది. ఈసారి ఆపరేషన్ థియేటర్ బయట కాపలా ఉన్నట్టు పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. యాభై ఎనిమిది దగ్గర మసీదులో మధ్యాహ్నం అజాన్ మొదలైంది. అత్తగారు సర్దార్ బీ వంటింట్లోంచి వచ్చి, తలమీద కొంగు సర్దుకుని, మోగుతున్న టీవీ ఆగేలా బోర్డు స్విచ్ టక్కున నొక్కేసింది. అదే బోర్డుకున్న చార్జర్ కూడా భక్తిగా మౌనం పాటించింది.

"అమ్మీ! ఏటి సేత్తన్నారు?"

"అజానవుతంటే టీవీ వాగాలా బేటీ?"

"రిమోట్‌తో ఆపొచ్చు కదా!"

"రిమోట్ నీ కూతురు ఎక్కడ దాసేసిందో. అజానైన ప్రతిపాలీ నానే కదా నొక్కతన్నాను! ఒక్కరైనా థాంక్స్ సెప్పారా?"

వీరేంద్రను తిట్టుకున్న తిట్లన్నీ ఇర్ఫానా వెనక్కి తీసుకుంది. కొన్నిటిని మనసులోనే అత్తగారి పేరిట మార్చింది.

శుక్రవారం పొద్దున చార్జర్‌ని వంటింట్లో మిక్సీ ప్లగ్గుకి తగిలించింది. ఆఖరి దఫా ఎక్కుతోంది. ఇంతలో సనోబర్‌కి టీకా వేయించడానికి వెళ్లాల్సి వచ్చింది.

"అమ్మీ, నాను వచ్చేదాకా ఆ ప్లగ్గు ముట్టుకోకండి."

"నాకేటి పిచ్చా?" అంది సర్దార్ బీ, చట్నీకి కొబ్బరి ముక్కలు కోస్తూ.

కాబట్టి పాత పోస్టాఫీసు దాటి మసీదు సందువైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే, దయచేసి ఇర్ఫానా వాళ్ల ఆకుపచ్చ తలుపు తట్టి, సర్దార్ బీ ఏం చేస్తోందో ఒక్కసారి చూసి రండి.