అరుగు పుణ్యం

తా డున్ పోపా కొండకి రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చి ముప్పైనాలుగేళ్ళయింది. అప్పుడు మెట్లెక్కలేదు. తమ్ముణ్ణి బండిలోంచి దించి, చంక కింద కర్ర సర్ది, అదే బండిలో వెనక్కి వెళ్ళిపోయాడు. కాలు విరిగినవాడు తాటిచెట్టెక్కలేడు. చెట్టెక్కలేనివాడికి ఆ ఊళ్ళో పని లేదు. కొండ మీద మెట్లు తుడవడానికి కాలెలా ఉన్నా ఫరవాలేదు, చేతులుంటే చాలు.

ఈసారి బండెడు జనంతో వచ్చాడు. మెట్ల మలుపులో రాతి అరుగొకటి కట్టించాడు. పైనున్న బుద్ధుడి గుడికి ఎక్కేవాళ్ళు ఆయాసపడితే కూర్చోవడానికి. దాని మీద తన పేరు, పోయినేడు పోయిన భార్య పేరు, ఊరి పేరు చెక్కించాడు. ఇవాళ దాన్ని కొండకి అప్పజెప్పాలి.

దారి పక్క మట్టి నల్లబడింది. కొండ దగ్గరికొచ్చేసిందన్నమాట.

"మామా, ఇది ఒకప్పుడు నిప్పు కక్కేదంట గదా" అన్నాడు అల్లుడు సాన్ లిన్.

తా డున్‌కి బదులు పక్కింటి ముసలామె డా ఫ్వా న్యో అందుకుంది. "కక్కింది, అయిపోయింది. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంది. నువ్వూ కూర్చో."

"మళ్ళీ లేస్తుందేమో అత్తా."

"చచ్చిన కొండ నీకోసం లేస్తుందా. అది సరేగానీ, ఎవరి సంచిలోనన్నా పందిమాంసం ఉంటే ఇప్పుడే పారెయ్యండి. కొండ దేవతలకి గిట్టదు. పోయినసారి ఎవడో దాచి తెస్తే టైరు పేలింది."

"టైరు పాతదేమో."

"పొద్దున నువ్వేం తిన్నావ్?"

"తిన్నది కడుపులో ఉంది. సంచిలో లేదు."

బండిలో అందరూ నవ్వారు. కూతురు ట్వే యీ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. తా డున్ నల్లమట్టి వంకే చూస్తున్నాడు.

భార్య పోయాక అతనికి నిద్ర సరిగా పట్టడం లేదు. ఊరి భిక్షువు దగ్గరికెళ్ళి చెప్పుకున్నాడు. ఎవరి మనసైనా కష్టపెట్టావా అని అడిగాడాయన. పెట్టానన్నాడు. "అయితే ఏదైనా మంచిపని చేసి ఆ పుణ్యంలో అతనికి వాటా ఇవ్వు. అతని నోట సాధు అనిపించుకో. తేలికవుతుంది" అన్నాడు. ఏం కష్టమని భిక్షువు అడగలేదు. తా డున్ చెప్పలేదు.

పుణ్యం చేసినవాడు నీళ్ళు ధారగా వదిలి, అందరూ వాటా తీసుకోండని మూడుసార్లు పిలుస్తాడు. విన్నవాళ్ళు బాగు బాగు అన్న అర్థంలో మూడుసార్లు సాధు అంటారు. దారిన పోయేవాడైనా ఆగి అనిపోతాడు. విని కూడా అననివాణ్ణి తా డున్ తన అరవయ్యేడేళ్ళలో చూడలేదు. అందుకే ధైర్యంగా వచ్చాడు.

కొండ కింద చెప్పులు విప్పారు. ఆడవాళ్ళు సంపెంగల బేరంలో పడ్డారు. "నేను ముందు పోయి అరుగు చూసొస్తా" అని తా డున్ మెట్లెక్కాడు.

చెట్టెక్కిన కాళ్ళే గనక పెద్ద కష్టమనిపించలేదు. రెండు కోతులు అతని చేతికర్ర వంక చూసి తప్పుకున్నాయి. మలుపు తిరిగేసరికి అరుగు పక్కన ఒకడు వంగి, తడిగుడ్డతో మెట్టు తుడుస్తున్నాడు. ఎడమకాలు పక్కకి చాపి ఉంది. మెడ చూసి గుర్తుపట్టాడు. అచ్చం నాన్న మెడ.

తమ్ముడు ఫో కాన్ తలెత్తి చూశాడు. "వచ్చావా అన్నా" అన్నాడు, నిన్న సాయంత్రం పోయి ఇవాళ వచ్చినవాణ్ణి అడిగినట్టు.

"వచ్చాను."

"అరుగు బాగుంది. మంచి రాయి. కోతులకి బాగా నచ్చింది. పొద్దుట్నుంచి రెండుసార్లు కడిగాను."

"నాదని తెలుసా నీకు?"

"పేరు చెక్కేవాడికి నీళ్ళు మోసింది నేనే. వదిన పోయిందని, పోయినవాళ్ళ పేరు ముందు చెక్కే గుర్తు చూసి తెలుసుకున్నాను. కబురన్నా పంపలేదు."

తా డున్ అరుగు మీద కూర్చున్నాడు. ఏదో ఒకటి అడగాలని, "కాలెలా ఉంది?" అన్నాడు.

"ఉంది."

కింద ఆడవాళ్ళ మాటలు దగ్గరవుతున్నాయి. తా డున్ గొంతు తగ్గించాడు. "ఇంకాసేపట్లో పైనుంచి భిక్షువు వస్తాడు. నీళ్ళు వదుల్తాను. నువ్వు సాధు అనాలి తమ్ముడూ. అరుగు కట్టించింది దానికే."

"దానికేముంది. రోజూ అదే కదా నా పని. కోతులకి వేరుశెనక్కాయలు వేసినవాళ్ళకి కూడా సాధు అన్నాను."

"నాక్కూడా అను."

ఫో కాన్ గుడ్డ బకెట్లో ముంచి పిండాడు. చాలాసేపు పిండాడు. "అంటాను. ముందు నువ్వు ఆ కట్ల సంగతి చెప్పు. నాకు కాదు, నాకు తెలుసు. నీతో వచ్చినవాళ్ళకి చెప్పు."

ధైర్యంగా వచ్చినా, ఇటువంటిదేదో వస్తుందని తా డున్ లోలోపల అనుకుంటూనే ఉన్నాడు.

అన్నదమ్ములిద్దరూ ఇరవై చెట్లు గీసేవారు. చెట్టు పైసగానికి నిచ్చెన కట్టే ఉంటుంది. ఏటా కల్లు కాలం ముందు దాన్ని చెట్టుకి బిగించిన పాత వెదురు కట్లు తెంపి కొత్తవి కట్టాలి. కట్టేది అన్న. కట్టినవాడు తనే ముందెక్కి, దిగి, చెట్టు మొదట్లో సున్నంతో చుక్క పెడతాడు. చుక్కుంటే రెండోవాడు మళ్ళీ చూసుకోడు, ఎక్కేస్తాడు. వాళ్ళ ఊళ్ళో అది పద్ధతి. చుక్క చూసి కూడా కట్లు లాగి చూస్తే కట్టినవాణ్ణి అవమానించినట్టే.

ఆ ఏడు పక్కూళ్ళో నాటకం వచ్చింది. ఇంకా మూడు చెట్లున్నాయి. రేపు కడదాంలే అనుకుని మూడింటికీ చుక్కలు పెట్టేసి నాటకానికి పోయాడు తా డున్. రేపు మర్చిపోయాడు. ఎల్లుండి ఫో కాన్ ఎక్కాడు.

తమ్ముణ్ణి ఎడ్లబండిలో ఆసుపత్రికి పంపించి, తా డున్ తోపులో ఉండిపోయాడు. ఊరివాళ్ళు వచ్చి చూసేసరికి మూడు చెట్లకీ కట్లు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. మరి ఎలా పడ్డాడన్నారు. "తాగి ఎక్కాడు" అన్నాడు తా డున్. ఆ ఒక్క మాట చాలింది. నేను తాగలేదని ఫో కాన్ అంటే, తాగినవాడు ఎప్పుడొప్పుకున్నాడు అన్నారు. పిల్లనిస్తామన్నవాళ్ళు ఇవ్వం పొమ్మన్నారు.

"ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడెందుకురా అది?" అన్నాడు తా డున్.

"ఇన్నేళ్ళయ్యాక నీకు సాధు ఎందుకు?"

తా డున్ అరుగు మీద చెక్కిన పేర్లు వేలితో తడిమాడు.

"ఆ రోజు నేను కల్లు ముట్టలేదన్నా. పడకముందు అందరిలానే తాగేవాణ్ణి. పడ్డాక ఒక్క చుక్క ముట్టలేదు. ముడితే నీ మాట నిజమైపోతుందని." ఫో కాన్ మెట్టు మీది మరక గోటితో గీకాడు. "‘వాడు తాగలేదు, కట్లు నేను కట్టలేదు.’ ఇంతే. ఇది అను, మూడుసార్లు కాదు, నువ్వు చాలనేదాకా సాధు అంటాను."

"సరే" అన్నాడు తా డున్. అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

భిక్షువు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఊరివాళ్ళు మెట్ల మీద ఎక్కడ చోటుంటే అక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నారు. ట్వే యీ నీళ్ళ చెంబూ గిన్నే తండ్రి ముందు పెట్టింది. ఫో కాన్ గుడ్డ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వెనగ్గా కూర్చుని నమస్కారం పెట్టాడు.

"దాత ఏమైనా చెప్పుకోవాలంటే చెప్పుకోవచ్చు" అన్నాడు భిక్షువు.

తా డున్ చెంబు ఎత్తాడు. "నాకో తమ్ముడున్నాడు. అడుగో, అక్కడున్నాడు. ఇద్దరం కలిసి చెట్లెక్కేవాళ్ళం." ఎదురుగా అల్లుడు చేతులు జోడించి నోరు కాస్త తెరిచి వింటున్నాడు. సాన్ లిన్ పద్దెనిమిది చెట్లు ఎక్కుతాడు. పద్దెనిమిదింటికీ చుక్కలు మామవే. సాన్ లిన్ ఒక్కడే కాదు. తమ్ముడు పడ్డ తర్వాత తా డున్ ఒక్క కట్టు కూడా వదల్లేదు. ఊళ్ళో ఏ నిచ్చెనైనా అతను చెయ్యేసి లాగి, చుక్క పెడితేనే పిల్లలు పైకెళ్తారు. పైకెళ్ళిన పిల్లల కింద తల్లులు నిశ్చింతగా బెల్లం వండుకుంటారు. ఆ తల్లుల్లో నలుగురు ఇక్కడే ఉన్నారు.

"వాడు పడ్డాడు" అన్నాడు. అక్కడ ఆగాడు. భిక్షువు ఎదురుచూశాడు. ఫో కాన్ ఎదురుచూశాడు.

"వాడి కర్మ అలా ఉంది. తప్పు ఎవరిదైతేనేం, ఈ అరుగు పుణ్యంలో మొదటి వాటా వాడిదే."

డా ఫ్వా న్యో భుజం మీది కండువాతో కళ్ళొత్తుకుంది. "తాగి పడ్డ తమ్ముణ్ణి కూడా మరవలేదు చూడండి. మనసంటే అదీ" అంది పక్కామెతో, అందరికీ వినిపించేటట్టు.

తా డున్ నీళ్ళు సన్నగా వదిలాడు. వాటా తీసుకోండని మూడుసార్లు పిలిచాడు. జనం ఒక్క గొంతుతో సాధు, సాధు, సాధు అన్నారు. ఇద్దరు పరాయివాళ్ళు పైనుంచి దిగుతూ ఆగి, వాళ్ళూ అన్నారు. అంతమంది గొంతుల్లో తమ్ముడి గొంతు కోసం తా డున్ చెవులు రిక్కించాడు. లేదు. ఫో కాన్ నమస్కారం అలాగే ఉంది, పెదాలు మూసి ఉన్నాయి.

భిక్షువు కూడా గమనించాడు. మళ్ళీ పిలవమని చేత్తో సైగ చేశాడు. తా డున్ మళ్ళీ పిలిచాడు. ఈసారి జనం తక్కువగా అన్నారు, అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"చిన్నాన్నా, అనొచ్చుగా" అంది ట్వే యీ. "అరుగు మీద నీ పేరు లేదనా?"

"పేరు నాకెందుకమ్మా."

"మరి?"

"మీ నాన్ననడుగు."

ట్వే యీ తండ్రి వైపు తిరిగింది. అందరూ తిరిగారు. నిజం చెప్పడానికి ఇంకొక్కసారి దారి దొరికింది. చెంబులో ఇంకా నీళ్ళున్నాయి. తా డున్ చెంబు కింద పెట్టాడు.

"వాడి ఇష్టం. వదిలెయ్యండి" అన్నాడు.

అంతే, ట్వే యీకి కోపం ముంచుకొచ్చింది. "ఆ రోజు తాగి పోగొట్టుకున్న బుద్ధి ఇంకా తిరిగిరాలేదన్నమాట. మా నాన్న ముసలి కాళ్ళతో ఇంత దూరం వచ్చింది నీకోసం. నోటిమాట ఖర్చేముంది నీకు?"

"వద్దు తల్లీ, కొండ మీద తిట్టకూడదు" అంది డా ఫ్వా న్యో. తర్వాత తనే అంది, "మనుషులు కొందరంతే. చేసిన మేలు ఒంటికి పట్టదు."

ఫో కాన్ అన్న వంక చూశాడు. అన్న నీళ్ళ గిన్నెలోకి చూస్తున్నాడు. కూతుర్ని ఆగమని కూడా అనలేదు. ఫో కాన్ కర్ర పట్టుకుని లేచి, భిక్షువుకి వంగి దండం పెట్టి, బకెట్ తీసుకుని నీళ్ళకి పోయాడు.

భిక్షువు మిగిలిన మంత్రాలు చదివి పైకి వెళ్ళాడు. గిన్నెలో నీళ్ళు చెట్టు మొదట్లో పొయ్యాలి కదా అని ట్వే యీ గిన్నె పట్టుకుంది. అందరూ పై గుడికి బయల్దేరారు. "మీరు పదండి, నాకు ఆయాసంగా ఉంది" అన్నాడు తా డున్. సాన్ లిన్ ఉంటానన్నాడు. పొమ్మన్నాడు.

అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. కింద పూల దుకాణాల రేకులు ఎండకి మెరుస్తున్నాయి. ఆవల, ఒకప్పుడు నిప్పు కక్కిన పెద్దకొండ పగిలిన అంచు మీద మబ్బు ఆగి ఉంది. కాసేపటికి ఫో కాన్ నిండు బకెట్‌తో, ఒక్కో మెట్టే ఎక్కుతూ వచ్చాడు. జనం కూర్చున్న మెట్ల మీద నలిగిన సంపెంగలున్నాయి. వాటిని ఏరి పక్కన పెట్టి తుడవడం మొదలెట్టాడు.

"తమ్ముడూ."

ఫో కాన్ తుడుస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడెవరూ లేరు. చెప్తాను విను. ఆ మూడు చెట్లకీ నేను కట్టలేదు. చుక్కలు ఊరికే పెట్టాను. నువ్వు తాగలేదు."

ముప్పైనాలుగేళ్ళుగా గొంతులో ఉన్న మాటలు బయటికి రావడానికి ఇంతసేపే పట్టింది. తా డున్ తమ్ముడి మొహం కోసం చూశాడు.

"ఎవరూ లేకుండా చూసి నాకు చెప్తావేంటన్నా" అన్నాడు ఫో కాన్. కోపంగా కూడా అనలేదు. "పడింది నేనే కదా."

"ఇప్పుడన్నా అను. ఒక్కసారి. మూడొద్దు."

ఫో కాన్ తుడుచుకుంటూ అరుగు దాకా వచ్చాడు. గుడ్డ పిండి, అరుగు కింద రాయి మీద పరిచాడు.

"కాళ్ళు తియ్యి" అన్నాడు.

తా డున్ రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకున్నాడు. ఫో కాన్ అరుగు కిందా, ముందూ, మూలల్లోనూ తుడిచాడు. ఎవరు కూర్చున్నా అంతే శ్రద్ధగా తుడుస్తాడనిపించింది. తర్వాత బకెట్ కింది మెట్టుకి దించి, కర్ర సాయంతో తనూ దిగాడు.

"తడి ఆరేదాకా లేవకు" అన్నాడు వెనక్కి చూడకుండా. "జారతావు."