కంకిపాడు కబురు

కూలర్లు అమ్ముకునేవాడు వాన కోసం ఎదురుచూడటమేమిటని మా ఆవిడ కనకలక్ష్మి పెళ్ళైనప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. నిజమే. బెజవాడ వన్ టౌన్‌లో ఎండ ఎంత మండితే మా కొట్లో గల్లాపెట్టె అంత నిండుతుంది. కానీ మే నెల సగం గడిచేసరికి నాకు ఆ గల్లాపెట్టె తెరవాలన్నా విసుగే. చుట్టూ ఇన్ని కూలర్లు పెట్టుకుని ఒక్కటీ వేసుకోను. వాడిన సరుకంటే జనం కొనరు. నెత్తి మీద పాత ఫ్యాను వేడిగాలి కొడుతుంటే దాని కింద కూర్చుని, బేరాల మధ్య ఫోన్లో మబ్బులు చూసుకుంటాను. అదొక జబ్బు. ఇన్నేళ్ళలో తగ్గలేదు, ఇక తగ్గదు.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. ‘బెజవాడ మబ్బులు’ అని మాకో వాట్సాప్ గ్రూపు ఉంది. మైలవరం నుంచి బందరు దాకా ఊరికో పిచ్చివాడు దొరికాడు. కంకిపాడులో నాని, టైర్ల షాపు వాడు. ఉయ్యూరులో అమలమ్మ గారు, రిటైరైన లెక్కల టీచరు. డాబా మీద వాన కొలిచే గేజి పెట్టుకుని, రోజూ పొద్దున్నే సున్నా అయినా సరే ‘ఉయ్యూరు సున్నా’ అని పెట్టే మనిషి ఆవిడ. ఈ వేసవంతా ఆ సున్నాలే.

మొదట్లో మా గ్రూపు భరించలేనట్టుండేది. మబ్బు ముక్క కనబడితే చాలు, ‘వస్తోంది, వచ్చేస్తోంది’ అని నలభై మెసేజిలు. ఏదీ రాదు. నాకు ఒళ్ళుమండి, అడ్మిన్ని కాబట్టి ఒక రూలు పెట్టాను. గ్రూపులో ‘వస్తోంది’ అన్న మాట ఎవరూ రాయకూడదు. ఒంటి మీద చినుకు పడ్డాకే ఊరి పేరు రాసి ‘పడింది’ అనాలి. ‘వస్తోంది’ అని రాసినవాణ్ణి ఒక రోజు గ్రూపులోంచి తీసేసేవాణ్ణి కూడా.

రూలు బ్రహ్మాండంగా పనిచేసింది. మనవైపు ఎండాకాలం గాలివాన ఎక్కువసార్లు పైనుంచి, ఖమ్మం దిక్కు నుంచి దిగుతుంది. మైలవరం పడింది, ఇబ్రహీంపట్నం పడింది, బెజవాడ పడింది, కంకిపాడు పడింది, ఉయ్యూరు పడింది అని ఒక ఊరు తర్వాత ఇంకో ఊరు కబురందిస్తుంటే, వాన బందరు రోడ్డెక్కి బస్సులా వస్తున్నట్టుండేది. ఏ ఊరి దగ్గర కబురు ఆగిపోతే అక్కడ వాన చచ్చిందని లెక్క. సగం వానలు బెజవాడ దాటకుండానే చచ్చేవి. కబురు రాలేదంటే వాన రాలేదనే. మాకు దీని మీద ఎంత నమ్మకమంటే, రాడార్ బొమ్మ చూడటం కూడా తగ్గించేశాం.

అమలమ్మ గారికి మాత్రం వాన సరదా వ్యవహారం కాదు. వాళ్ళాయన పాల్ గారు లారీ డ్రైవరుగా చేసి, ఊపిరితిత్తుల్ని బీడీలకిచ్చేశారు. ఏడాదిగా ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకుని బతుకుతున్నారు. మిషను కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే సిలిండరు. గాలివాన వస్తే ఉయ్యూరులో కరెంటు పోకుండా ఉండదు, పోతే ఎప్పుడొస్తుందో చెప్పేవాడుండడు. అది ఒక చిక్కు. రెండోది, ఎండ ముదిరాక మధ్యాహ్నాలు లో వోల్టేజీ. మిషను కుయ్యి కుయ్యిమంటుంది తప్ప గాలి సరిగ్గా ఇవ్వదు. అప్పుడూ సిలిండరే కావాలి. ఉన్న సిలిండరు మధ్యాహ్నం వాడేస్తే, సాయంత్రం వాన పడి కరెంటు పోతే ఏం చెయ్యాలి? ఆ భయంతో ఆవిడ రోజూ మూడింటికి నాకు ఫోన్ చేసేవారు.

“ఇవాళ పడుద్దా లక్ష్మీకాంత్ గారూ?”

ఆవిడ కోసం నా రూలు నేనే తప్పాను. ఆ నెలలోనే రెండుసార్లు, కబురు కోసం చూడకుండా, మబ్బు రంగు చూసి “వచ్చేట్టుందండి, సిలిండరు దాచండి” అన్నాను. రెండుసార్లూ మధ్యాహ్నమంతా పాల్ గారు ఆ కుయ్యిమనే మిషను మీదే ఎగశ్వాసతో గడిపారు. రెండుసార్లూ వాన బెజవాడ దాటలేదు. రెండోసారి సాయంత్రం ఆయనే ఫోన్ తీసుకున్నారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నారు.

“మీ వాన వస్తే నన్ను లేపండి. రాని వాన సంగతి మటుకు టీచరుకి చెప్పబాకండి. సిలిండరు చీర కింద దాచేస్తంది.”

నవ్వుతూనే అన్నారు గానీ నాకు తల తీసేసినట్టయింది. ఇంక ఊహలు వద్దు, కబురొస్తేనే చెప్పాలి అనుకున్నాను.

ఆ శనివారం పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడింది. మధ్యాహ్నానికి నలభై నాలుగు దాటింది. ఆటోలోకి కూలర్లు ఎక్కిస్తున్న మా డ్రైవరు బసవపున్నయ్య ఇనుప రాడ్డు పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు. పెనమలూరు డెలివరీకి వెళ్ళాల్సి ఉంటే, తడిగుడ్డ చుట్టుకుని ఆ చేత్తోనే వెళ్ళాడు. నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. వచ్చిన బేరం వచ్చినట్టే పోయినా లేవలేదు.

మూడు దాటాక మైలవరం పడింది. కాసేపటికి ఇబ్రహీంపట్నం పడింది. వన్ టౌన్‌లో పడమర నల్లగా లేచి, దుమ్ము కొట్టి, కొండ మీంచి నాలుగు ఉరుములు ఉరిమి, రేకు మీద లెక్కపెట్టగలిగినన్ని చినుకులు రాల్చి పోయింది. నేను ‘బెజవాడ పడింది’ అని పెట్టాను, సిగ్గుపడుతూ. మట్టి వాసన కూడా సరిగ్గా రాలేదు. వాన పని అయిపోయిందనిపించింది.

అమలమ్మ గారు ఫోన్ చేశారు. వెనకాల మిషను కుయ్యి కుయ్యిమంటూనే ఉంది.

“ఈ వారం వోల్టేజీకి పెద్ద సిలిండరు అయిపోయిందండీ. చిన్నది మిగిలింది. గంటన్నర వస్తే గొప్ప. ఈయన ఆగలేకపోతున్నారు. పెట్టెయ్యమంటారా, ఉంచమంటారా?”

“పెద్దది రేపు ఆటోలో పంపుతానండి. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. కంకిపాడు కబురు చూసి చెప్తాను.”

ఐదు కాదు, పది నిమిషాలు చూశాను. నాని మామూలుగా చినుకు నేల తాకకముందే ‘పడింది’ అని పెట్టే రకం. ఆ రోజు ఉలుకూ పలుకూ లేదు. గ్రూపులో అప్పటికే ఎవరో ‘చచ్చింది, కంకిపాడు చేరలేదు’ అని రాసి ఏడుపు బొమ్మలు పెట్టారు. రాడార్ బొమ్మ తెరవబోతే నా ఫోన్లో గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. నేను దాని కోసం ఆగలేదు. కబురు రాలేదు, అంటే వాన లేదు. ఆయన అక్కడ ఊపిరాడక కూర్చున్నారు.

“రాదు టీచర్ గారూ, సిలిండరు పెట్టెయ్యండి” అని రాశాను.

“మంచిదండీ” అని వచ్చింది. ఆవిడకి ఒక మేలు చేసినట్టే అనిపించింది నాకు. లేచి మంచినీళ్ళు తాగాను.

చాలాసేపటికి బసవపున్నయ్య తిరిగొచ్చాడు. ఆటో అద్దం నిండా తడి వేపాకు అంటుకుని ఉంది. మనిషి నిలువునా తడిసిపోయాడు.

“ఇక్కడ పడలేదేంటండీ? పెనమలూరు దాటితే చాలు, ఒకటే గాలి. కంకిపాడు వైపు చెట్లన్నీ పడిపోయినాయంట. వడగళ్ళంట. బస్సులు ఆపేశారు.”

నానికి ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. అమలమ్మ గారికి చేశాను. అదే గొంతు, అదే మాట. అప్పుడు బుర్రకెక్కింది. గాలివాన మొదట పడగొట్టేది స్తంభాల్నే కదా. కరెంటు పోతే టవర్లు పోతాయి. నిజంగా పెద్ద వాన పడిన ఊరు కబురెలా పంపుతుంది? చచ్చింది వాన కాదు, కంకిపాడు టవరు. ఇన్నేళ్ళుగా మబ్బులు చూస్తున్న మొనగాళ్ళం, ఒక్కడికీ ఈ ముక్క తట్టలేదు. నా మీద నాకు పుట్టిన అసహ్యం మాటల్లో పెట్టలేను.

గవర్నరుపేటలో సిలిండర్ల కొట్టు మూసేస్తుంటే బతిమాలి పెద్దది తీసుకున్నాను. కూలర్లు దించేసిన ఆటోలో దాన్ని పడుకోబెట్టి, దొర్లకుండా కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. బసవపున్నయ్య కాలిన చేత్తోనే తోలాడు. పెనమలూరు దాటేసరికి గాలి చల్లబడింది. నెల్లాళ్ళుగా ఆ చల్లగాలి కోసమే దేవుళ్ళాడాను. మొహానికి తగులుతుంటే తట్టుకోలేకపోయాను.

కంకిపాడు దగ్గర రోడ్డుకడ్డంగా తుమ్మచెట్టు. జనం రంపంతో కోస్తున్నారు. అందులో నాని ఒకడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“నిమ్మకాయలంత వడగళ్ళండి. ఫొటోలు తీశా. పడగానే పెట్టానండి బాబూ, పోవట్లా. టవరు పడుకుంది.” అప్పుడు ఆటోలో సిలిండరు చూశాడు. మాట ఆపేసి, రంపం తనే తీసుకుని కొమ్మ కొయ్యడం మొదలుపెట్టాడు.

ఆ చెట్టు తర్వాత ఇంకో చెట్టు. దాని తర్వాత చెరకు లోడు ట్రాక్టరు బోర్లాపడి ఉంది. ఆటో నడిచినంతసేపు కంటే ఆగినంతసేపే ఎక్కువ. మనసులో గంటన్నర లెక్కేసుకుంటూనే ఉన్నాను. కరెంటు ఉండగానే నా మాట మీద వాడేసిన అరగంట తీసేస్తే ఎంత మిగులుతుందో లెక్కేసి, మళ్ళీ మొదటి నుంచి వేసుకున్నాను.

ఉయ్యూరు చేరేసరికి మునిమాపు వేళ. ఊరంతా చీకటి. వాళ్ళింటి వరండాలో కొవ్వొత్తి వెలుగుతోంది. పాల్ గారు పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. పక్కన స్టూలు మీద అమలమ్మ గారు, ఒక చేతిలో విసనకర్ర, ఇంకో చేతిలో జపమాల. బసవపున్నయ్యా నేనూ సిలిండరు కిందికి లాగబోతుంటే ఇనుము గేటుకి తగిలి గణగణ మోగింది.

“మెల్లిగా దించండి లక్ష్మీకాంత్ గారూ” అన్నారావిడ. “ఇంక తొందరేం లేదు.”

గేటు దగ్గరే నిలబడిపోయాను.

“ఆస్పత్రికని పక్కింటివాళ్ళు బండి కోసం వెళ్ళారు. సెంటర్లో స్తంభాలు పడిపోయినాయంట, ఇంకా రాలేదు. ఇప్పుడే, కాసేపైంది” అన్నారు. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. సిలిండరు ముల్లు సున్నా దగ్గరుంది. ఇంకో అరగంట వచ్చి ఉంటే మా సిలిండరు అందేది. నా వల్ల పోయింది సరిగ్గా ఆ అరగంటే.

“నేను రాదన్నానండి” అన్నాను.

ఆవిడ “లోపల ఉడికిపోతున్నారని వరండాలోకి తెచ్చాం. చల్లగాలి తగిలింది. బాగుంది టీచరూ అన్నారు” అని చెప్పారు. ఆ మాటతో నన్ను ఊరడించబోయారు. భర్త పోయిన మనిషి నన్ను ఊరడించడం కంటే తిట్టి ఉంటేనే బాగుండేది.

తర్వాత డాబా మీద గేజి చూసి రమ్మన్నారు. మెట్లెక్కి వెళ్ళి, ఫోను లైటు వేసి చూసి వచ్చాను.

“ఎంతుంది?”

“నలభై రెండు మిల్లీమీటర్లండి.”

“బాగా పడింది” అన్నారు, క్లాసులో సరైన జవాబు చెప్పిన పిల్లాడితో అన్నట్టు. విసనకర్ర ఇంకా ఊపుతూనే ఉన్నారు.

అప్పుడు జేబులో నా ఫోను ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. ఎక్కడో టవరు లేచినట్టుంది. ‘కంకిపాడు పడింది’ వచ్చింది. దాని కింద నాని ఫొటోలు వరసగా. ‘ఉయ్యూరు పడింది’ వచ్చింది. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. వాటితోపాటు, గ్రూపులో కాకుండా విడిగా నాకొక్కడికే అమలమ్మ గారు పంపింది ఒకటి.

కొవ్వొత్తి వెలుగులో ఆవిడ నా మొహం చూశారు.

“నాదీ వచ్చిందా?”

“వచ్చిందండి.”

“చదవకండి. ఈదురుగాలి లేవగానే పంపింది. ఇప్పుడు చదివి మీరు చేసేదేముంది.”

చదవలేదు. మర్నాడు పాల్ గారి సమాధి దగ్గర నిలబడి గ్రూపులో నా రూలు తీసేశాను. ఆ మెసేజి ఈ రోజుకీ తెరవలేదు. తెరవకపోయినా ఫోన్లో ఆవిడ పేరు కింద మొదటి ముక్క కనబడుతూనే ఉంటుంది. గ్రూపులో ఒక్కనాడూ రూలు తప్పని మనిషి రాసింది. ‘లక్ష్మీకాంత్ గారూ, వస్తోంది, సిలిండరు తీసెయ్యమంటారా...’