నవ్వే బొమ్మకు స్టారు

పిల్లల వార్డులో నాన్నలు ఉండకూడదన్నది నా సిద్ధాంతం. పదహారేళ్ళుగా ఈ వార్డుకు హెడ్ నర్సును. నా వెనకాల అందరూ నన్ను జైలరమ్మ అంటారని తెలుసు, అననీ. అమ్మలైతే ఏడుస్తూనే పని చేస్తారు. నాన్నలు ఏడవరు, పనీ చేయరు, సెలైన్ సీసా కేసి గుడ్లప్పగించి చూస్తూ దారికి అడ్డంగా నిలబడతారు. అలాంటిది, కొత్త సూపరింటెండెంటుకు ఏ మీటింగులో జ్ఞానోదయమైందో ఏమో, ఇకనుంచి కుటుంబం కూడా వైద్యంలో భాగస్వామి అంటూ సర్క్యులర్ పంపాడు. దాంతోపాటు ఒక ట్యాబ్, మంచానికో అట్ట దిగాయి. అట్ట మీద ఆరు మొహాలు. మొదటిది నవ్వుతుంటుంది, దాని కింద సున్నా; ఆఖరిది భోరుమంటుంటుంది, దాని కింద పది. పిల్ల ఏ మొహం మీద వేలు పెడితే నొప్పి అంత అన్నమాట. ఆ అంకెను ట్యాబులో ఎక్కించాలి. నర్సులను పెంచండయ్యా మహాప్రభో అని మొత్తుకుంటే బొమ్మలు పంపారు!

బొమ్మలకు జడుసుకునే రకాన్నా నేను? వాటినీ నా దారికి తెచ్చుకున్నాను. సూదికి ఏడవని పిల్లల గౌను మీద మెరిసే స్టారు అంటించడం ఎప్పటినుంచో నా అలవాటు. ఇప్పుడు, "ఈ నవ్వే బొమ్మలా ఉండాలి, అప్పుడే స్టారు" అనడం మొదలుపెట్టాను. వారం తిరక్కుండా వార్డు దారిలో పడింది.

అప్పుడు వచ్చింది ఏడో నంబరు మంచానికి ఐదేళ్ళ పిల్ల. కడుపునొప్పి, వాంతులు. ఏదో పడని తిండి తిని ఉంటుందన్నారు డాక్టర్లు. తల్లి ఇంట్లో నెలల బిడ్డతో ఉందట, అందుకని తండ్రి వచ్చాడు. టైలరు. మెడలో టేపు కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చాడు. ఇక ఆ పిల్ల నోరు! దుప్పటి గుచ్చుకుంటోందట, పక్క మంచం పిల్లాడి గురక బాలేదట.

"ఆంటీ, నీ సూది లావుగా ఉంది. సన్నది తే!" అంది నాతోనే.

"మీరుంటే గారాలు పోతుంది, బయటికి నడవండి" అని తండ్రిని గెంటి తలుపేశాను. సూది వేసిన ప్రతిసారీ అదే వరస.

మూడో రోజు ఉదయం రౌండ్సులో చిన్న డాక్టరు ట్యాబు చూసి, "నొప్పి సున్నా. నిన్న సాయంత్రంనుంచీ సున్నానే. ఇంటికి పంపేద్దాం" అన్నాడు. పిల్ల గౌను మీద నాలుగు స్టార్లు. నేను డిశ్చార్జి కాగితం తండ్రి చేతికిచ్చాను. అతను సంతకం పెట్టలేదు.

"పాపకు బాలేదు సిస్టర్."

"ఏమైంది?"

"నా మాట వింటోంది."

చిన్న డాక్టరు ఫక్కున నవ్వాడు. నేనూ నవ్వాను, దాచుకోవడం ఎందుకు? "బాగుందయ్యా వరస! వినకపోతే ఒక గోల, వింటే ఇంకో గోలా?"

"మీకు తెలీదు సిస్టర్. నీళ్ళు తాగమంటే ఎందుకంటుంది, పడుకోమంటే నువ్వే పడుకో అంటుంది. నిన్నటినుంచి ఏం చెప్పినా సరే నాన్నా అంటోంది. నాకు భయంగా ఉంది."

"ఆ మంచం కోసం బయట ఇంకో బిడ్డ ఎదురుచూస్తోంది. ముందు సంతకం పెట్టండి" అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

అతను కాగితం మంచం మీద పెట్టాడు. వంగి పిల్లకు బూట్లు తొడిగాడు. ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి. తాళ్ళు గట్టిగా కట్టి నా మొహంలోకి చూశాడు. "ఇంట్లో అయితే ఈపాటికి దీని గోల వీధంతా వినబడేది. నడువమ్మా."

"సరే నాన్నా" అని పిల్ల మంచం దిగింది. ఆ తారుమారు బూట్లతోనే, నడుం వంచుకుని, నాలుగడుగులు వేసింది.

ఒక్క ఉరుకున వెళ్ళాను. ఎత్తి పడుకోబెట్టి కడుపు మీద చెయ్యి వేశాను. చెక్కలా బిగుసుకుపోయి ఉంది. నాడి ఉరుకుతోంది. అట్ట ముందుపెట్టి, "నొప్పి ఎంతుందమ్మా?" అన్నాను. వేలు తిన్నగా నవ్వే బొమ్మ మీదికి వెళ్ళింది.

"నిజం చెప్పు తల్లీ."

"నిజం చెప్తే స్టార్లు తీసేస్తావా?"

ఆ తర్వాత నేను అరిచిన అరుపులకు సర్జన్ గారు టీ వదిలేసి వచ్చారు. గంటలో ఆపరేషను. అపెండిక్సు పగిలి కడుపంతా చీము పట్టిందట. ఇంటికి పంపి ఉంటే ఇక ఆశ ఉండేది కాదని ఆయనే చెప్పారు. పిల్ల బతికింది.

సూపరింటెండెంటు మాత్రం కెమెరాతో దిగబడ్డాడు. భాగస్వామ్యం ఫలించిందట, తండ్రితో ఫోటో తీసి గోడకు పెడతాడట. "పెట్టండి. పిల్లకు అబద్ధం నేర్పింది హెడ్ నర్సని కింద రాసి పెట్టండి" అన్నాను. కెమెరా జేబులో పెట్టుకుని పోయాడు.

తండ్రి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పదహారేళ్ళలో ఎవరికీ చెప్పని మాట, నోరు పెగల్చుకుని చెప్పాను. "తప్పు నాదే. క్షమించండి."

అతను పిల్ల కాలు నిమురుతూనే ఉన్నాడు. "మీరు బయటికి పంపినప్పుడల్లా తలుపుకు చెవి ఆనించి వినేవాణ్ణి సిస్టర్. మొదటిరోజంతా ఏడ్చింది. రెండో రోజు సాయంత్రం అసలు ఏడవలేదు. మీరు బాగా చూసుకుంటున్నారనుకుని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను కూడా."

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. వార్డు కేసి తిరిగి చూశాను. ఇరవై మంచాలు, కిక్కురుమనడం లేదు ఒక్క పిల్ల కూడా.

ఒకటో నంబరు మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాను. "ఏమ్మా, నీ కొడుకు ఇంట్లో ఎలా ఉంటాడు?" అని అడిగాను. ఆ తల్లి అనుమానంగా చూసింది. తర్వాత మొదలుపెట్టి అరగంట చెప్పింది. మందుల వేళ దాటిపోయిందని జూనియర్ నర్సు రెండుసార్లు వచ్చి గుర్తుచేసింది.

"నువ్విచ్చెయ్యవే. నేనింకా పందొమ్మిది మంచాలు తిరగాలి" అన్నాను.