సగం మిద్దె

రోహిణి కార్తె ఎండలో చౌడు మన్ను గంప నెత్తిన పెట్టుకుని రజియాబీ నిచ్చెన సగం ఎక్కేసరికి, కింద నులక మంచం మీది నుంచి అత్త హలీమాబీ అంది.

"నువ్వు గిట్ల తయారైతుంటే రాని ఏరు గూడ వస్తది పిల్లా. బొట్టు పెట్టి పిలిచినట్లుంటది."

రజియా జవాబు చెప్పలేదు. నెత్తిన గంప ఉన్నప్పుడు జవాబు చెప్పాలంటే మెడ తిప్పాలి, మెడ తిప్పితే మన్ను కళ్లలో పడుతుంది. ఈ ఇంట్లో ఆమె మౌనాల్లో సగం ఇట్లాంటివే. వాటిని అందరూ అణకువ అనుకునేవారు.

రాజోలిలో ఆ వీధి మిద్దెలన్నీ మట్టివే. ఏటేటా వానలకు ముందు వాటి మీద చౌడు మన్ను పరవాలి. ఆ ఉప్పు మన్ను నీటిని కిందికి దిగనివ్వదు. ఊరి బయట చౌటి గడ్డ మీద దాన్ని తవ్వేది, మోసేది, పరిచి నీళ్లు చల్లి అరచేతులు మండేదాకా చదును చేసేది ఆడవాళ్లు. అంతా అయ్యాక మీదికెక్కి, మడమతో రెండు చోట్ల తొక్కి చూసి, "బాగుంది" అనేది మగవాళ్లు. బాగుందన్న ఆ మాట వల్ల మిద్దె కారదేమోనని రజియాకు ఒక్కోసారి అనుమానం వచ్చేది.

ఆమె భర్త మౌలాలి దూదేకులవాడు. విల్లు పట్టుకుని దూది ఏకుతూ కూర్చున్నాడంటే వీధి చివరిదాకా టంగు టంగుమని వినిపించేది. ఆయన కుట్టిన బొంతలు ఒకవైపు గద్వాలకు, ఒకవైపు వనపర్తికి పోయేవి. మనిషి మంచివాడు. కొట్టడు, తాగడు, వచ్చిన వాళ్లను ఆకలితో పంపడు. అందుకని రజియా విసుక్కుంటే ఊరు ఒప్పుకునేది కాదు. "మౌలాలి అసుంటోని చేసుకొని నీకేం తక్కువే" అనేవారు. తక్కువేమిటో చెప్పడానికి ఆమె దగ్గర పెద్ద మాటలు లేవు. ఉన్నవన్నీ చిన్న చిన్నవి. తాడు, అగ్గిపెట్టె, పేలపిండి. అట్లాంటివి చెప్పుకుంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది.

ఆమె పుట్టింది గోపాల్‌పేట దిక్కు మెట్ట ఊళ్లో. అక్కడ నీళ్ల కోసం ఎదురు చూడ్డమే కాని నీళ్లను చూసి పరుగెత్తడం లేదు. కూతురు మెహరున్నిసా ఇంకా పాలు తాగే పిల్లగా ఉన్న ఏడు తుంగభద్ర వీధిలోకి వచ్చింది. అందరూ ఉన్నపళంగా మిద్దె ఎక్కారు. మౌలాలి విల్లు పట్టుకుని ఎక్కాడు, అత్త దువా కితాబు పట్టుకుని ఎక్కింది, రజియా పిల్లను ఎత్తుకుని ఎక్కింది. తినడానికి ఏదైనా తేవాలని ఎవరికీ తోచలేదు. తోచినా తేవలసింది ఎవరో అందరికీ తెలుసు గనక, తేని తప్పు కూడా ఆమెదే అయింది. రెండో రోజుకు పాలు ఆరిపోయాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరిచినా చప్పుడు రాలేదు. పక్క మిద్దె మీది సాలె నర్సమ్మ తన కొంగులో ఉన్న జొన్నరొట్టె ముక్కను సందు మీదుగా విసిరింది. "నువ్వు తిను, పిల్లకు గాదు. నువ్వు తింటేనే పిల్లకు" అని అరిచింది. ఆ ముక్క రుచి రజియా నాలుక మీద ఇప్పటికీ ఉంది. ఆ గొంతు లేని ఏడుపు కూడా చెవుల్లో ఉంది.

అప్పటి నుంచి ఏటా ఆమె అటక మీద ఓ మూల సర్దేది. జొన్న పేలాలు వేయించి విసిరిన పిండి, బెల్లం, ఎండబెట్టిన రొట్టెలు, సొరబుర్రలో ఉప్పు, వెదురు గొట్టంలో అగ్గిపుల్లలు పెట్టి మైనంతో మూత, పొడుగాటి తాడు, అత్తకు వేడి పట్టే పాత బొంత. ఎక్కడిదక్కడ. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా దొరకాలి.

ఇంట్లో దీన్ని చూసి నవ్వేవారు. మౌలాలికి ఓ హాస్యం ఉండేది, ఏటా అదే. "ఏమే, మీ పుట్టింటోళ్లు ఎప్పుడొస్తున్నరు? పిండివంటలు తయారైనయా?" అనేవాడు. పుట్టింటోళ్లంటే ఏరు. పక్కింటి గౌస్ కూడా అది నేర్చుకున్నాడు. "వదినా, మీవోళ్లు కర్నూలు దాంక వచ్చిండ్రంట" అని అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. కర్నూలు కింది వైపు గదా, అక్కణ్ణుంచి ఏరు వెనక్కెట్ల వస్తుంది అని కూడా ఆలోచించేవాడు కాడు.

నవ్వితే నవ్వనీ. ఆమెకు పట్టరానిది వేరే. నవ్వినవాళ్లే అటక మీదికి చెయ్యి పెట్టేవారు.

"గౌస్ బావిల బొక్కెన పడ్డదంట, తాడియ్యి. పొద్దుగూకక ముందే తెస్తడు" అన్నాడు మౌలాలి. ఆ పొద్దు గూకిన తర్వాత చాలా పొద్దులు గూకాయి. "బీడీకి అగ్గిపుల్ల లేదు, ఈ యుద్ధం రోజుల్ల యాడ దొరుకుతున్నయి చెప్పు. ఒక్కటే తీసుకుంట." మైనం ఒకసారి పగిలాక గొట్టం ఖాళీ కావడానికి ఎంతసేపు. ఇక పేలపిండి సంగతి చెప్పనే వద్దు. ఏరు రాని ఏడు, "పాడైపోతది గదనే, తిందాం" అనేవాడు. అంటే ఏరు రాకపోతే ఆమె పని దండగ. ఏరు వస్తే అల్లా దయ. ఈ లెక్కలో తన చేతులు ఎక్కడున్నాయో రజియా వెతికి వెతికి విసిగింది.

ఆ ఏడు సగం మిద్దెకే చౌడు పడింది. మగ్గం పని ముగించుకుని నర్సమ్మ వచ్చి సాయం పట్టింది. ఇద్దరూ మెడలు పట్టేసేదాకా మోశారు. అటక మీది భాగం మిగిలింది. మౌలాలి చూసి జాలి పడ్డాడు. నిజంగానే పడ్డాడు.

"ఎందుకే గంపలు మోసుడు? తిమ్మప్ప బండి మాట్లాడిన. ఒక్క బండికి అయిపోతది. జర ఆగు."

ఆమె ఆగింది. మృగశిర వచ్చింది, పోయింది. బండి రాలేదు. అడిగితే, "చెప్పిన గదా, వస్తది" అన్నాడు. మళ్లీ అడిగితే, "ఊకె గట్ల పరేషాన్ చేస్తవేందే" అన్నాడు. మోసేదాన్ని ఆపింది ఆయన. ఆగినందుకు ఇప్పుడు అడిగేది ఆమె. అడిగినందుకు గయ్యాళి కూడా ఆమే. చూస్తుండగానే ముసురు పట్టింది.

ఆ యేడు రంజాను సరిగ్గా ఏటి కాలంలోనే వచ్చింది. రోజా విప్పే వేళకు మౌలాలి ఎవరినో ఒకరిని ఇంటికి తెచ్చేవాడు. పేలపిండిలో సగం అట్లా దిగింది. పండుగ తర్వాత చేయబోయే ఓ పెద్ద షాదీకి బొంతల పని కూడా వచ్చింది. దూది మూటలు, కుట్టిన బొంతలు ఇల్లంతా నిండాయి. ఒకరోజు ఆమె ఏటికి బట్టలు ఉతకడానికి పోయి వచ్చేసరికి, ఆమె కుండలు అత్త మంచం కింద ఉన్నాయి. అటక నిండా దూది ఉంది.

"కింద చెమ్మ గదా," అన్నాడు మౌలాలి. "దూది తడిస్తే నా పేరు పోతది."

"నా కుండలు తడిస్తే?"

"కుండలు తడిస్తే ఏమైతదే?" అని నవ్వాడు.

"అటక మీద సగం మిద్దెకు చౌడు లేదు. ముసురుకు కారుతది. గా దూదంత నీళ్లు తాగితే అటక నిలుస్తదా?"

"నాకు దూది గురించి చెప్తున్నవా? దూదికి బరువేముందే?"

తడిసిన దూది ఎంత బరువో ఆయనకు తెలియక కాదు. ఆ పని మీదే పెరిగినవాడు. తన ఇంట్లో తడుస్తుందని ఆయన అనుకోలేదు, అంతే. తన ఇల్లు దానంతట అదే పొడిగా ఉంటుందని ఆయన నమ్మకం. అట్లా ఎట్లా ఉంటుందో ఎన్నడూ అడగలేదు.

ముసురు వదలలేదు. అటక మీది నుంచి ముందు చుక్కలు పడ్డాయి, తర్వాత చుక్కలు ఆగిపోయాయి. "చూసినవా, కారుడు ఆగింది" అన్నాడు మౌలాలి సంతోషంగా. రజియా దూలం వైపు చూసింది. నీళ్లు రావడం ఆగలేదు, దూది తాగుతోంది. దూలం కొద్దిగా కిర్రుమంది.

ఆ మధ్యాహ్నం ఆమె అత్త మంచం పట్టుకుని అటక కింది నుంచి గుమ్మం వైపు లాగింది. "జూడు, నన్ను వాకిట్లకు గెంటుతున్నది," అని హలీమాబీ ఎత్తుకుంది. "నా కొడుకు ఉండంగనే గిట్ల చేస్తున్నదంటే..."

అటక కూలింది. గోడ పగిలిన చప్పుడు కాదు, పెద్ద జంతువేదో పడుకున్నట్టు మెత్తగా, బరువుగా పడింది. మంచం ఉన్న చోట నల్లగా తడిసిన దూది గుట్ట. దాని కింద కుండల పెంకులు. హలీమాబీ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. మౌలాలి గుట్ట ముందు మోకాళ్ల మీద కూర్చుని ఓ పిడికెడు దూది తీసి పిండాడు. వేళ్ల సందుల నుంచి నీళ్లు కారాయి.

అప్పుడే మెహరున్నిసా వీధిలోంచి మోకాళ్ల దాకా తడిసి పరుగెత్తి వచ్చింది. "అమ్మా, నీళ్లు."

రజియా అత్త భుజం కింద చెయ్యి వేసింది. "లెవ్వత్తా. మా పుట్టింటోళ్లొచ్చిండ్రు."

ముసలామె నిచ్చెన ఎక్కలేదు. నడుముకు కట్టి పైకి లాగాలంటే తాడు కావాలి. తాడు గౌస్ ఇంట్లో ఉంది. రజియా గుట్టలోంచి షాదీ బొంత ఒకటి లాగి, కత్తితో కుట్లు తెంపింది.

"అయ్యో, అది పెండ్లికూతురు బొంతనే," అన్నాడు మౌలాలి.

"మీ అమ్మకు కట్టాలె. పట్టుకో."

బొంత పైగుడ్డ, ఆ గలేబును మెలిపెట్టి అత్త నడుముకు కట్టారు. మౌలాలి పైనుంచి లాగాడు, రజియా కిందనుంచి భుజంతో ఎత్తింది. తర్వాత ఆమె మళ్లీ దిగి, దూది కిందికి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమింది. ఒక్క కుండ పగలకుండా దొరికింది. పేలపిండి. పైకి ఎక్కేసరికి నీళ్లు నిచ్చెన మూడో మెట్టు ముట్టాయి.

మిద్దె సగం బురద, కాలు పెడితే దిగబడింది. రెండో సగం, చౌడు పరిచిన సగం, గట్టిగా ఉంది. నలుగురూ ఎవరూ చెప్పకుండానే ఆ సగం మీదికి జరిగి కూర్చున్నారు. పక్క మిద్దె మీద నర్సమ్మ చెయ్యెత్తి తాను క్షేమమేనని ఊపింది. వాన తెరిపిచ్చింది. పడమట కాస్త వెలుగొచ్చి, రోజా విప్పే వేళ అయింది.

అవతలి మిద్దె మీది నుంచి గౌస్ కేక వేశాడు. "మౌలాలి బాయి, రోజా విప్పనీకె ఏమన్న ఉందా?"

"అల్లా దయ, పేలపిండి ఉంది," అన్నాడు మౌలాలి. "ముందుగాల్నే తీసి పెట్టమని చెప్పిన గదా ఇంట్ల."

రజియా వానకు నిండిన చిప్పలో పిండి కలుపుతోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కోపం వస్తుందేమోనని తనే ఎదురు చూసింది. రాలేదు. ఇన్నేళ్లు కాచి కాచి అది చల్లారి గడ్డ కట్టింది. అది ఇక కోపం కాదు. నిర్ణయం. ఆమె పిల్లకు ఒక ముద్ద, అత్తకు ఒక ముద్ద పెట్టి, ఆ ఇంట్లో మొదటిసారి మగవాడికంటే ముందు తన నోట్లో ముద్ద పెట్టుకుంది. పక్కనుంచి హలీమాబీ తన తడి కొంగు పిండి, కోడలి తల మీద కప్పింది. కొంగు తడిదే అయినా గాలి ఆగింది.

నీళ్లు తీశాయి. మౌలాలి షాదీవాళ్ల కాళ్లు పట్టుకున్నాడు, అటక మళ్లీ కట్టాడు, అంతా ఎప్పటిలాగే అయింది. ఏటికి భయపడని మగవాడిగా అరుగు మీద ఓ ఏడాది పాటు కథ చెప్పాడు. అందులో గలేబును మెలిపెట్టిన ఉపాయం ఆయనదే.

మళ్లీ రోహిణి కార్తె వచ్చింది. రజియా, నర్సమ్మ చౌటి గడ్డ మీదికి పోయి మన్ను తవ్వారు. రజియా మిద్దె మీద ఓ సగానికి చౌడు పరిచింది. ఈసారి కూడా అటక ఉన్న వైపు కాదు, మూల గది వైపు. ఆ గదిలో గోడకు ఎత్తుగా కొత్త గూడు ఒకటి కట్టుకుంది. తాడు తెచ్చి అక్కడ పెట్టింది. గౌస్ ఇంటికి ఆమే పోయి, అరుగు మీద నలుగురు చూస్తుండగా అడిగి తెచ్చుకున్న తాడు అది. ఆ గది గొళ్లేనికి తాళం కూడా పడింది.

మౌలాలి సాయంత్రం వచ్చి అలవాటుగా మిద్దెకెక్కాడు. మడమతో తొక్కి చూశాడు. అంచుకు వచ్చి కిందికి చూసి, "ఏమే, మీ పుట్టింటోళ్లు..." అని మొదలుపెట్టి, ఎందుకో ఆపేశాడు.

"ఈ సగం మిగిలిందేందే?"

"మిగల్లేదు," అంది రజియా. "అది నీది."

"నాదేంది?"

"నీ దూది మీది మిద్దె. నేను నా సగం మోసిన."

మంచం మీది నుంచి హలీమాబీ కల్పించుకుంది. "మావోడు ఎన్నడన్న గంప నెత్తికెత్తుకున్నడా పిల్లా?"

"దూది మూటలు ఎత్తుకుంటడు గదత్తా. అదైతే బరువుండదని ఆయనే చెప్పిండు."

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

"తిమ్మప్ప బండికి చెప్తలే," అన్నాడు మౌలాలి పైనుంచి.

"చెప్పు," అంది రజియా. దక్షిణాన ఏటి మీద నల్లటి మబ్బొకటి అప్పుడే లేస్తోంది. ఆయనా చూశాడు, ఆమె కూడా చూసింది. ఆమె నిచ్చెన తీయలేదు. దాని మొదటి మెట్టు మీద ఖాళీ గంప పెట్టి, లోపలికి పోయి పేలాలు వేయించడం మొదలుపెట్టింది.