చొక్కాల మీద ఆత్మఖడ్గం

మా చెల్లి మేరి ఏడాదిగా చర్చి గడప తొక్కలేదు. కేంద్ర బలగాల్లో జవానుగా ఎక్కడో కొండల్లో పనిచేసే దాని భర్త ఇవాన్‌ను మిలిటెంట్లు కాల్చి చంపాక, దేవుడితో నాకు మాటల్లేవంది. కాళ్ళావేళ్ళా పడి ఆ ఆదివారం మా దీవిలోని ఆస్టినాబాద్ చర్చికి తీసుకొచ్చాను. దాని కొడుకు ఫ్రెడ్డీ పిల్లల కార్యక్రమంలో పాడుతున్నాడు మరి. ఈ ఒక్కరోజు వచ్చి కూర్చుంటే మళ్ళీ మనుషుల్లో పడుతుందని నా ఆశ.

పిల్లలందరికీ ఒకే రకం టీషర్టులు వేయించింది సంఘ పెద్ద బాలస్వామి బాబాయ్. దగ్గర్లోని గరాచర్మలో ఫ్లెక్సీల షాపు ఆయనది. ఊరికే కూర్చునే ప్రాణం కాదు. ఈసారి పిల్లల పాఠం 'దేవుని వాక్యమే ఆత్మఖడ్గము' అని పాస్టరుగారు చెప్పడమే ఆలస్యం, నెట్‌లో వెతికి ఒక బొమ్మ పట్టుకొచ్చాడు. తెరిచిన పుస్తకం, దాని మీద నిలువుగా కత్తి, చుట్టూ ఆకుల దండ. పిల్లల గుండెల మీద పెద్దగా అచ్చేశాడు. అది ఎవరిదని ఎవరడుగుతారు? పుస్తకం బైబిలు, కత్తి వాక్యం. మా అందరికీ అంతే కనిపించింది.

పిల్లలు వరసగా వేదిక ఎక్కారు. మేరి నా చేతిలోంచి చెయ్యి లాక్కుని లేచి నిలబడింది.

"అక్కా, ఆ బొమ్మ..."

పాట మొదలుకాకముందే వేదిక మీదికి పరుగెత్తింది. అందరూ చూస్తుండగా ఫ్రెడ్డీ చొక్కా తల మీదుగా లాగేసింది. వాడు బిక్కచచ్చిపోయాడు.

"మమ్మీ, అది ఏసయ్య కత్తి!"

"కాదు బేటా. మీ డాడీని సంపినోళ్ళ జెండా మీద ఉన్నదిది."

ఇవాన్‌ను చంపినవాళ్ళు వీడియో తీసి వదిలారని, అది మేరి కంటపడిందని నాకు అప్పటిదాకా తెలియదు. బాబాయ్ ఫోన్ తీసి, ఆ బొమ్మ ఎక్కడిదో మళ్ళీ వెతికాడు. అదే బొమ్మ ఉన్న జెండా కింద ముసుగుల మనుషులు, తుపాకులు. ఆయన ఫోన్ జేబులో కుక్కేసి మేరి ముందుకొచ్చాడు.

"కసమ్‌సే అమ్మా, నాకు తెల్దు. దేవుడి గుర్తనుకున్నాను. మాఫ్ చెయ్యి."

మేరి కొడుకును పమిటలో చుట్టుకుంది.

"ఆళ్ళూ అదే అనుకుంటారు బాబాయ్. ఆయన్ని కాల్చేముందు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. వీడియోలో ఉంది."

వాణ్ణి ఎత్తుకుని బయటికి నడిచింది. ప్రార్థన చేద్దామని లేచిన పాస్టరుగారు ఆ మాట అనలేక కూర్చుండిపోయారు.