కూలిన కొంగ గూళ్లు

బస్టాండు ముందున్న చెట్టు కొమ్మల్ని మునిసిపాలిటీ వాళ్లు పొద్దున్నే నరికేశారు. కొమ్మలతో పాటు కొంగల గూళ్లూ కిందపడ్డాయి. ఊరి రేడియోలో వార్తలు చదివే అమ్మాయి, బతికిన పిల్లల్ని ఏరి అట్టపెట్టెలో స్టూడియోకి తెచ్చింది. ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

స్టేషన్ నడిపే మేనమామ, మునిసిపాలిటీ పంపిన ఓ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "సుందరీకరణ పనులు పూర్తి, ప్రజల హర్షం" అని ఉంది.

"ఎవరు హర్షించారు మావయ్యా?"

"పెద్దవాళ్లతో గొడవ మనకెందుకే తల్లీ? ఉన్నదున్నట్టు చదివెయ్."

ఆమె కాగితాన్ని ఉండచుట్టి పారేసి, మైకు ముందు కూర్చుని మునిసిపల్ ఇంజనీరుకి ఫోన్ కలిపింది. ఊరంతా వింటుండగానే నిలదీసింది.

"చెట్టెక్కిన మనిషికి గూళ్లు కనబడలేదా సార్?"

"పక్షులే కదమ్మా, ఎగిరిపోతాయి."

"రెక్కలు రాని పిల్లలు ఎలా ఎగురుతాయి? మీ ఇంట్లో పసిబిడ్డ ఉండగా పైకప్పు పీకేస్తే ఊరుకుంటారా?"

ఫోన్ కట్టయింది. అద్దం అవతల మావయ్య తల పట్టుకున్నాడు. వెంటనే మరో ఫోన్ మోగింది.

"కారు మీద రెట్టలేస్తున్నాయని ఫిర్యాదు చేసింది నేనేనమ్మా. కొమ్మలు కొట్టమన్నాను గానీ పిల్లల్ని చంపమన్నానా?" ఎవరో పెద్దాయన ఏడుస్తున్నాడు.

జాలిపడే ఓపిక ఆమెకి లేదు. "ఏడిస్తే ఏం లాభం బాబాయ్? ఆ కారేసుకుని రండి. వీటిని పశువుల డాక్టరు దగ్గరికి చేర్చాలి."

ఆయన వచ్చాడు. సగం పిల్లలు దారిలోనే పోయాయి. మిగిలినవి బతుకుతాయన్నాడు డాక్టరు. ఆమె కోపం మాత్రం చల్లారలేదు. మర్నాడు వార్తలు మొదలుపెట్టడమే ఇంజనీరు పేరుతో మొదలుపెట్టింది. మావయ్య అడ్డు చెప్పలేదు.