గడపలు కోసిన రోజు

బేకరీ ఆయన ఆ కారును లారీ మీద వేయించుకుని తెచ్చాడు. షెడ్డు ముందు దింపుతుంటే అది దిగినట్టు లేదు, రాలినట్టుంది. వెనక బంపరు ఒకవైపు జారింది, తలుపు పిడి ఇంకోవైపు ఊడిపడింది, ఎర్రటి తుప్పు పొట్టు వాకిలంతా పరుచుకుంది. ఇంగితం ఉన్నవాడెవడైనా దాన్ని పాత ఇనుము తూకానికి వేసెయ్యమనేవాడు. బేకరీ ఆయన మాత్రం కొత్త అల్లుణ్ణి పరిచయం చేస్తున్నట్టు మురిసిపోతూ చూపించాడు. వాళ్ళ నాన్న ఇంటింటికీ రొట్టెలు వేసిన కారట అది.

"ఊరికే షాపు ముందు బొమ్మలా నిలబెట్టడానికి కాదు మేస్త్రీ. ఇది నడవాలి. మా నాన్న తిరిగిన వీధుల్లోనే తిరగాలి," అన్నాడు.

"నడుస్తుంది. తీసుకుంటున్నాం," అన్నాడు చిన్నమేస్త్రి.

ఒప్పుకునే ముందు కనీసం వంగి కారు అడుగు చూడలేదు. ముప్పై ఏళ్ళుగా బండ్లకు రంగులు వేస్తున్న మనిషి, ఎదుటివాడు చక్రం తొడుగు తెచ్చినా నాలుగువైపులా తిప్పి చూసి గానీ ఊ అనని మనిషి. ఆరోజు అతని చూపంతా షెడ్డు మూల పీట మీద కూర్చున్న అన్నయ్య మీదే ఉంది. కారు కనబడగానే అన్నయ్య లేచి నిలబడ్డాడు. తనంతట తాను లేచి చాలా రోజులైంది.

జుట్టు పూర్తిగా నెరిసినా ఆ వీధిలో అతను చిన్నమేస్త్రే. పెద్దమేస్త్రి ఉన్నాడు మరి. అన్నయ్యది రేకుపని, తమ్ముడిది రంగుపని. అన్నయ్య సొట్ట తీసిన రేకు మీద చెయ్యి వేసి రాస్తే ఎక్కడ సొట్ట ఉండేదో కనుక్కోవడం ఎవరి తరమూ కాదు. సొట్టను లప్పంతో పూడుద్దామన్న మాట ఆయన ముందు ఎత్తితే బూతు మాట విన్నట్టు మొహం పెట్టేవాడు. తన రంగు నిగనిగలాడుతోందని జనం మెచ్చుకున్నప్పుడల్లా, ఆ మెప్పులో సగం కింద ఉన్న రేకుదేనని చిన్నమేస్త్రికి తెలుసు. బయటికి ఎప్పుడూ అనలేదు. అన్నదమ్ములన్నాక అలాంటివి అనుకోరు.

అలాంటి అన్నయ్య ఏడాదిగా కొంచెం కొంచెంగా జారిపోతున్నాడు. మొదట సుత్తి ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు, అందరం మరిచిపోతామనుకున్నారు. తరువాత పక్కింట్లోకి వెళ్ళి చొక్కా విప్పి దండెం కోసం వెతికాడు. ఒకనాడు భోజనం ముందు కూర్చుని, "నాన్న తిన్నాడా?" అని అడిగాడు. నాన్న పోయి ఎన్నేళ్ళయిందో లెక్క కూడా లేదు. డాక్టరు పరీక్షలు చేయించి, ఇది తగ్గే జబ్బు కాదని, కనిపెట్టుకుని ఉండడం తప్ప చేసేదేమీ లేదని చెప్పాడు. చిన్నమేస్త్రి ఆ మాటలు శ్రద్ధగా విని, ఇంటికి వచ్చే దారిలోనే పెడచెవిన పెట్టాడు.

కారు వచ్చిందన్న కబురు విని వదిన వంటింట్లోంచి తడిచేతులతోనే షెడ్డుకు వచ్చింది.

"ఏంటబ్బాయ్ ఇది? ఆయన చేతికి మిషన్లు ఇవ్వొద్దని డాక్టరు నీ ముందే చెప్పాడు కదా."

"డాక్టరుకి రేకుపని గురించి ఏం తెలుసు వదినా? మనుషుల పేర్లు మరిచిపోతే మరిచిపోనీ. చేతులు మరిచిపోవు. చూస్తూ ఉండు, ఈ కారు పూర్తయ్యేసరికి అన్నయ్య మళ్ళీ మామూలు మనిషి అవుతాడు."

"కాకపోతే?"

చిన్నమేస్త్రి వంగి, ఊడిపడిన తలుపు పిడి ఏరాడు. వదిన అతన్ని చాలాసేపు చూసింది. కాపురానికి వచ్చేనాటికి అతను నిక్కర్లు వేసుకుంటున్నాడు, అతని మొండితనం ఆమెకు కొత్తేమీ కాదు.

"ఈ కారు కావాల్సింది నీకు. ఆయనకి కాదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట గుచ్చుకుంది. నిజమే కాబట్టి గుచ్చుకుంది. అన్నయ్య ఇంకా అన్నయ్యగానే ఉన్నాడని ఎవరైనా తనకు రుజువు చూపించాలి, అంతే అతనికి కావాల్సింది. ఆ రుజువు ఈ తుప్పు కుప్పలోంచి వస్తుందని నమ్మాడు.

మొదట్లో వచ్చింది కూడా. అన్నయ్య కారు చుట్టూ తిరుగుతూ చిన్న సుత్తితో అక్కడక్కడ తట్టేవాడు. మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్ళిన రేకు దగ్గినట్టు పలుకుతుంది. తట్టిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు, ఒక్కటీ తప్పు కాలేదు. సీట్లు ఊడదీశారు, తలుపులు, అద్దాలు తీశారు, ఇంజను దింపి పక్కన పెట్టారు. పాత రంగు గీకుతుంటే తమ్ముడి మీద అన్నయ్య నోరు కూడా లేచింది. "ఏంట్రా ఆ గీకుడు? పిల్లికి తల దువ్వుతున్నావా?" అన్నాడు. తిట్టు తిని ఇంత సంతోషించిన మనిషి ఆ వీధిలో ఇంకొకడు ఉండడు. ఆ పూట చిన్నమేస్త్రి ఇంటికి వెళ్ళి భార్యకు ఆ తిట్టును రెండుసార్లు చెప్పుకున్నాడు.

వదిన కూడా కాస్త మెత్తబడింది. టీ తెచ్చినప్పుడు ఒకటికి రెండు నిమిషాలు నిలబడి చూసేది. అన్నయ్య ఆమెకు తుప్పు రంధ్రంలోంచి వేలు పెట్టి ఆడించి చూపిస్తే నవ్వింది కూడా.

ఆ కారుకు అసలు జబ్బు గడపల్లో ఉంది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా పెట్టెలా ఉండే రేకును షెడ్డులో గడప అంటారు. పాత కార్లకు బలమంతా అక్కడే. రెండువైపులా గడపలు జల్లెడలై ఉన్నాయి, కోసి పారేసి కొత్తవి కట్టక తప్పదు. కానీ తుప్పు పట్టిన గడప కూడా కారును మోస్తూనే ఉంటుంది. అందుకని కోతకు ముందు తలుపుల ఖాళీలకు అడ్డంగా ఇనుప కమ్మీలు పెట్టి వెల్డింగ్ చెయ్యాలి. ఆ అడ్డకమ్మీలు లేకుండా గడప కోస్తే కారు నడుము కిందికి జారిపోతుంది, ఇక తలుపు తలుపులా పట్టదు. ఇది రేకుపనిలో ఓనమాలు. ఒకప్పుడు ఈ ఒక్క తప్పు చేసినందుకు పెద్దమేస్త్రి తన దగ్గర పనిచేసే చేయి తిరిగిన పనివాణ్ణి ఆ క్షణమే బయటికి పంపేశాడు. బతిమాలినా ససేమిరా అన్నాడు.

ఆరోజు కొత్త రేకు కొనడానికి చిన్నమేస్త్రి బయల్దేరాడు. అన్నయ్యను వెంట తీసుకెళ్ళొచ్చు. లేదా వదినను పిలిచి కూర్చోబెట్టొచ్చు. గుమ్మం దాటబోతూ ఆగి, "అన్నయ్యా, అడ్డకమ్మీలు కడుతూ ఉండు, వచ్చేస్తా," అన్నాడు.

అన్నయ్య తల తిప్పి చూశాడు. "నాకు చెప్తున్నావా నువ్వు?"

ఆ గొంతు పాత గొంతే. చిన్నమేస్త్రికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. తప్పయిపోయిందన్నట్టు చెంపలు వేసుకుని వెళ్ళిపోయాడు. రేకుల కొట్టులో అటు ఇటు తిరిగి, కనబడిన వాళ్ళందరికీ అన్నయ్య మళ్ళీ పనిలో పడ్డాడని చెప్పుకుని తీరిగ్గా తిరిగొచ్చాడు.

షెడ్డులోంచి దబ్, దబ్ అని చప్పుడు వినబడుతోంది. లోపలికి వచ్చి చూశాడు. గడపలు రెండూ కింద పడి ఉన్నాయి. అడ్డకమ్మీలు ఎక్కడివక్కడే గోడకు ఆనించి ఉన్నాయి. ముందూ వెనకా స్టాండ్ల మీద నిలబెట్టిన కారు నడిమికి కుంగిపోయి ఉంది. అన్నయ్య తలుపు తెచ్చి తగిలించి, మూస్తున్నాడు. అది పైన ఒరుసుకుంటోంది, కింద అరచెయ్యి పట్టేంత సందు. తీసి మళ్ళీ మూస్తున్నాడు.

"తలుపు పట్టట్లేదురా," అన్నాడు. "ఎవడు కోశాడు దీన్ని?"

చిన్నమేస్త్రికి ముందు కోపం వచ్చింది. నటిస్తున్నాడనుకున్నాడు. చేసిన తప్పు కప్పుకోవడానికి ఇంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా అబద్ధమాడుతున్నాడనుకుని నోరు పారేసుకున్నాడు.

"ఎవడు కోస్తాడు? నువ్వే కోశావు. ఇక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు? అడ్డకమ్మీలు కట్టమని చెప్పి మరీ వెళ్ళానే!"

అన్నయ్య తలుపు వదిలేశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ళ నిండా ఇనుప పొడి, చొక్కా చేతుల మీద నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు. వాటిని ఒక్కొక్కటే తడిమాడు.

"నేనా?" అన్నాడు. "నేనెందుకు కోస్తానురా ఇలా?"

అప్పుడు అర్థమైంది చిన్నమేస్త్రికి, ఇందులో నటన లేదని. అన్నయ్య గోడకు ఆనుకుని కింద కూర్చుని ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. తమ్ముడు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. చేతులు మరిచిపోవని ఎవరికి చెప్పాడో ఆ వదినే టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని అతనికి తరువాత చాలాసార్లు అనిపించింది.

టీ తాగాక అన్నయ్య తేరుకున్నాడు. లేచి వెళ్ళి తలుపు మూసి చూశాడు.

"తలుపు పట్టట్లేదురా. ఎవడు కోశాడు దీన్ని?"

వదిన మరిది మొహంలోకి చూసింది. చిన్నమేస్త్రి గ్లాసు కింద పెట్టాడు.

"నేనే అన్నయ్యా. తొందరపడ్డాను," అన్నాడు.

ఇక చూడాలి. పెద్దమేస్త్రి విశ్వరూపం చూపించాడు. బుద్ధుందా అన్నాడు, కళ్ళు నెత్తికెక్కాయా అన్నాడు, రంగు పూసుకునేవాడివి రంగు పూసుకోక రేకు జోలికెందుకు వచ్చావన్నాడు. తిట్టడం అయ్యాక గోడ దగ్గరున్న కమ్మీ తెచ్చి, ఎక్కడ ఆనించాలో, ఎక్కడ వెల్డింగుతో టాకా వెయ్యాలో ఓపిగ్గా చూపించాడు. ఒక్క పొల్లు మాట లేదు. అంతా తెలుసు ఆయనకు. తెలిసిందంతా ఉంది, సమయానికి అందడం లేదు, అంతే. చిన్నమేస్త్రి తలూపుతూ విన్నాడు.

బేకరీ ఆయనకు కూడా అదే చెప్పాడు. తనకు రాని పనిలో వేలు పెట్టానన్నాడు. ఆయన కుంగిన కారును చూసి, తండ్రి తిరిగిన వీధుల సంగతి ఎత్తకుండా, "పెద్దమేస్త్రి ఉండగా మీరెందుకు ముట్టుకున్నారు?" అని మాత్రం అడిగాడు. కారును తీసుకెళ్దామన్నా కదిలిస్తే రెండు ముక్కలయ్యేలా ఉంది. బాగుచేసి ఇస్తానని చిన్నమేస్త్రి మాటిచ్చాడు. ఆ మాట నిలబడుతుందో లేదో అతనికే తెలియదు. వీధిలో మాత్రం కబురు పాకిపోయింది, అన్నయ్య పరువు చిన్నమేస్త్రి తీశాడని. రేకుపనికి వచ్చేవాళ్ళు వేరే షెడ్లు చూసుకున్నారు.

రేకు కోసే గ్రైండరును ప్లగ్గు పీకి వదిన తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. కావాల్సినప్పుడు చిన్నమేస్త్రి వెళ్ళి అడిగి తెచ్చుకునేవాడు. అన్నయ్య రోజూ షెడ్డుకు వచ్చేవాడు. రోజూ తలుపు మూసి చూసేవాడు, రోజూ ఎవడు కోశాడని అడిగేవాడు. చిన్నమేస్త్రి రోజూ నేనేననేవాడు. మొదట్లో అన్నయ్య ప్రతిసారీ పాఠం చెప్పేవాడు. పోనుపోను పాఠం కుదించుకుపోయింది, తిట్లు మిగిలాయి. తరువాత తిట్లు కూడా తగ్గాయి. చిన్నమేస్త్రి జాకీ పెట్టి కారు నడుమును పిసరంత పిసరంతగా పైకి లేపుతూ, తనకు గుర్తున్నంత మేరకు కమ్మీలు కట్టుకుంటూ పోయాడు. ఏ కమ్మీ దగ్గరైనా అనుమానం వస్తే తల తిప్పి అడిగే అలవాటు పోలేదు. అడిగితే అన్నయ్య నవ్వేవాడు, అంతే.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం చిన్నమేస్త్రి కారు కింద పడుకుని జాకీ తిప్పుతున్నాడు. తలుపు దబ్ మని కొట్టుకుంది. పక్కనే అన్నయ్య చెప్పులు కనిపించాయి.

"ఎవరయ్యా కోసింది దీన్ని?"

ఒరే అనలేదు. చిన్నమేస్త్రి కారు కిందనుంచి బయటికి జరిగి, అలాగే నేల మీద పడుకుని పైకి చూశాడు. అన్నయ్య అతని మొహంలోకి చూస్తున్నాడు. దారిన పోయేవాణ్ణి చూసినట్టు, మర్యాదగా.

"నేనే," అన్నాడు చిన్నమేస్త్రి.

"అడ్డకమ్మీలు కట్టకుండా కోస్తారా ఎవరైనా? పని ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

రేకుల మీద వాన చప్పుడు గట్టిగా వినబడుతోంది.

"మా అన్నయ్య దగ్గర."

పెద్దమేస్త్రి కారును ఒకసారి, అతన్ని ఒకసారి చూశాడు. జాలేసినట్టుంది. వంగి, లేవడానికి చెయ్యి అందించాడు.

"ఆయనకి పని రాదయ్యా," అన్నాడు. "రేపట్నించి నా దగ్గరికి రా. నేను నేర్పిస్తా."

చిన్నమేస్త్రి ఆ చెయ్యి పట్టుకుని లేచాడు.

"వస్తానండి," అన్నాడు.